మోండా మార్కెట్టు పరిసరములు: ఇస్లామీయ విద్య, కౌమారదశలోని భావసంస్కారము

విద్యాచరిత్రమును వ్రాయువారు సాధారణముగా పాఠశాలల స్థాపన సంవత్సరములను, పాఠ్యగ్రంథముల పట్టికలను, ప్రభుత్వపుటుత్తరువులను ఆధారముగా గొని తమ కథను నడుపుదురు. అది అవసరమే. కాని పదుమూడేండ్ల బాలుడు తన కోపమును ఎట్లు అదుపులో నుంచుకొనుటకు నేర్చెను, సిగ్గు, గౌరవము, ఓర్పు అను భావములకు అతనికి పేరు పెట్టినవారెవరు, తప్పు చేసిననాడు అతని యెదుట నిలిచినది బెత్తమా, మాటయా అను ప్రశ్నలు ఆ పట్టికలలో ఇమడవు. విద్య యనునది జ్ఞానము నిచ్చుట మాత్రమే కాక మనస్సును మలచుట కూడ నైనచో ఈ ప్రశ్నలును చరిత్రకారుని పరిధిలోనివే కావలెను.

ఇస్లామీయ విద్యాసంప్రదాయము ఈ భేదమును తొలినుండియు గుర్తించినది. అందు తాలీము అనగా బోధనము. తర్బియతు అనగా పెంపకము. రెండవ శబ్దమునకు మూలమైన అరబ్బీ ధాతువునకు పెరుగుట యని అర్థము. మొక్కకు నీరు పోసినట్లు బిడ్డను పెంచుట తర్బియతు. ఈ రెండును కలిసి పండినపుడు వచ్చు ఫలమునకు అదబు అని పేరు. సికింద్రాబాదులోని మోండా మార్కెట్టు పరిసరములను కేంద్రముగా నుంచుకొని, తాలీము తర్బియతులు మన ప్రాంతమున ఎట్లు కలిసి నడచినవో, ఎప్పుడు వేరుపడినవో, ఆ వేర్పాటు వలన కౌమారదశలోని పిల్లలకు కలిగిన నష్టమేమో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. స్థలపరిచయము

1798 నాటి సైన్యసహకార సంధి ననుసరించి ఆంగ్లేయుల సేనలు హుస్సేను సాగరమునకు ఉత్తరమున విడిదిచేసినవి. మూడవ నిజాము సికందరు జా పేర ఆ విడిదికి 1806లో సికింద్రాబాదను నామము కలిగినది. జనవ్యవహారమున దానికి లష్కరు అని పేరు. ఆ పారశీక పదమునకు సైన్యమని అర్థము. నేటికిని ఉజ్జయినీ మహాకాళి జాతరను ప్రజలు లష్కరు బోనాలనియే వ్యవహరింతురు. సేన యున్నచోట దానికి వలయు ధాన్యము, కూరగాయలు, వస్త్రములు, తోలు, బండ్లు మొదలగువాటి వ్యాపారము పెరుగుట సహజము. 1874లో రైలుమార్గము వచ్చినపిమ్మట ఆ వ్యాపారము మరింత విస్తరించినది. రైల్వే స్టేషనుకు చేరువలో జనరలు బజారు, మోండా మార్కెట్టు మొదలగు వీథులు తెలుగువారికి, తమిళ మొదలియార్లకు, మార్వాడీలకు, కచ్ఛీ వర్తకులకు, దక్కనీ ముస్లిములకు ఉమ్మడి జీవనక్షేత్రము లైనవి.

పరిపాలన విషయమున ఈ ప్రాంతము హైదరాబాదు నగరమునకు భిన్నమైనది. 1945 వరకు సికింద్రాబాదు ఆంగ్లేయుల యధికారమున నుండెను. మూసీ కావలి పాతనగరమున ఉర్దూ పారశీకముల విద్య రాజాశ్రయమున వర్ధిల్లుచుండగా, ఇచ్చట ఆంగ్ల పాఠశాల ముందుగా బలపడినది. 1862లో సోమసుందరం మొదలియారుగారు స్థాపించిన ఆంగ్ల పాఠశాలయే పిదప మహబూబు కళాశాలగా ప్రసిద్ధి గాంచినది. కావున లష్కరులోని ముస్లిము బాలునకు విద్య మూడుచోట్ల లభించినది: ఉదయ సాయంకాలములందు మసీదులోని మక్తబు, పగలు బడి, మిగిలిన వేళ అంగడి. ఈ మూటిలో ఏది అతని మనస్సును ఎక్కువగా మలచినది యను విషయము విచారణీయము.

2. బాల్యము, బులూఘు, రుష్దు

కౌమారము జీవితమున ఒక ప్రత్యేకదశ యనియు, అది భావసంక్షోభమయ మనియు అమెరికా దేశపు మనశ్శాస్త్రవేత్త స్టాన్లీ హాలు 1904లో ప్రకటించిన గ్రంథము మూలమున ఆధునికవిద్యారంగమున ప్రచారమైనది. ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు ఈ పరిభాష నెరుగరు. కాని విషయమును ఎరుగుదురు. వారి పరిభాషలో యుక్తవయస్సును సమీపించిన బాలుడు మురాహికు. శరీరము పరిపక్వమగుట బులూఘు. నాటినుండి నమాజు, ఉపవాసము మున్నగు విధులకు అతడు స్వయముగా బాధ్యుడగును. శరీరచిహ్నములు కానరానిచో పదునైదేండ్లు నిండుటయే హద్దని హనఫీ సంప్రదాయమున స్థిరపడిన అభిప్రాయము.

అయితే అంతటితో మనిషి పూర్ణుడయ్యెనని వారు తలపలేదు. ఖురానులోని నాల్గవ సూరాలో అనాథబాలుర ఆస్తిని గూర్చి చెప్పునపుడు, వారు వివాహయోగ్యమైన వయస్సునకు వచ్చినపిదప వారిలో రుష్దు కలదా యని పరీక్షించి, కలదని తోచినపుడే ఆస్తిని అప్పగింపవలెనను నియమము కనబడును. రుష్దు అనగా మంచిచెడ్డలను నిర్ణయించుకొనగల వివేకము. అట్టి వివేకము కనబడనిచో ఇరువదియైదేండ్లు వచ్చువరకు ఆస్తిని నిలిపియుంచవచ్చునని ఇమాము అబూహనీఫా అభిప్రాయపడెను. శరీరము ముందు పండును, వివేకము వెనుక పండును. ఆ నడిమికాలమున పెద్దలు తోడుండవలెను అను సత్యమును న్యాయశాస్త్రముఖమున చెప్పిన మాట యిది. నేటి మనశ్శాస్త్రజ్ఞుడు వేరుదారిని వచ్చి ఇదే తీర్మానమును చేయుచున్నాడు.

ఆ నడిమికాలమున పెద్దల పద్ధతి ఎట్లుండవలెనో సూచించు ఉపాఖ్యానములు హదీసు సంపుటములందు గలవు. ఒక యువకుడు ప్రవక్త కడకు వచ్చి వ్యభిచారమునకు తనకు అనుమతి నీయుమని సభలో అడిగెనట. చుట్టునున్నవారు అతనిని గద్దించిరి. ప్రవక్త మాత్రము అతనిని చేరువకు పిలిచి కూర్చుండబెట్టుకొని, నీ తల్లి విషయమున, నీ సోదరి విషయమున ఇట్టిది నీకు సమ్మతమగునా యని ఒక్కొక్కటిగా అడిగి, అతనిచేతనే కాదనిపించి, తుదకు అతని యెదపై చేయి యుంచి ప్రార్థించెనట. ఈ కథలో గమనింపదగినది నీతి మాత్రమే కాదు, బోధనరీతియు. కోరికను దాచుకొనక చెప్పిన బాలుడు అవమానింపబడలేదు. తన భావమును పరుల స్థానమునుండి చూచుట అతనికి నేర్పబడినది.

3. మక్తబు పాఠ్యక్రమము

దక్కనులోని ముస్లిము గృహములలో బాలునకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినముల ప్రాయమున బిస్మిల్లా యను అక్షరాభ్యాసము జరుపుట ఆచారము. పిదప ఖురానును చూచి చదువుట నేర్పుదురు. ఏడవయేట నమాజును అలవాటు చేయవలెననియు, పదవయేట దానిని పట్టుదలతో పాటింపజేయవలె ననియు విధి గలదు. ఈ నడుమ మూడేండ్ల గడువు అర్థవంతమైనది. విధి మోపబడుటకు పూర్వమే అలవాటు స్నేహభావముతో నెలకొనవలె నని దాని యాశయము.

ఇక పారశీక పాఠముల విషయము. మొగలుల కాలమునుండి పందొమ్మిదవ శతాబ్ది వరకు హిందూస్థానపు మక్తబులలో బాలుడు మొదట కంఠస్థము చేయునది సాదీ పేర చెలామణియైన కరీమా యను చిన్న పద్యకృతి, అత్తారు పేర నడచిన పందునామా. వీనిని మన బాలశిక్షకును సుమతీ భాస్కర శతకములకును సాటిగా చెప్పవచ్చును. బాలుడు అర్థము పూర్తిగా తెలియకమునుపే నీతిని నాలుకపైకి తెచ్చుకొనును. వయస్సు వచ్చినపుడు ఆ పద్యము తనంతట తాను అర్థమిచ్చును. వీథిబడిలో వేమన పద్యము వల్లించిన తెలుగు బాలుడును, మక్తబులో కరీమా వల్లించిన ముస్లిము బాలుడును ఒకే విద్యాసూత్రమునకు లోబడినవారు.

వాని తరువాత వచ్చునది 1258లో రచితమైన గులిస్తాను. ఇందలి ఎనిమిది అధ్యాయములలో ఐదవది ప్రేమను యౌవనమును గూర్చినది. ఆరవది వార్ధక్యమును, ఏడవది విద్యాప్రభావమును గూర్చినవి. కౌమారమున అడుగిడు బాలునిచేత యౌవనమును గూర్చిన అధ్యాయమును చదివించి, వెనువెంటనే వార్ధక్యమును గూర్చిన దానిని చదివించుట ఆలోచింపదగిన క్రమము. ఆ ఐదవ యధ్యాయము బాలురకు తగదని తరువాతి కాలపు ఆంగ్లేయవిద్యాధికారులు కొందరు సంకోచించిరి. పాతకాలపు మౌల్వీ మాత్రము దానిని దాచుటకంటె తన సమక్షముననే చదివించుట మేలని యెంచెననుకొనవలెను.

ఈ విద్య ముస్లిములకే పరిమితము కాలేదు. కాయస్థ, బ్రాహ్మణ కుటుంబముల బాలురును, తెలంగాణములోని దేశముఖుల పుత్రులును మౌల్వీలకడ పారశీకమును చదివిరి. బూర్గుల రామకృష్ణారావుగారు పారశీకవాఙ్మయ చరిత్రమును తెలుగున రచింపగలిగిన పాండిత్యమునకు ఇట్టి వాతావరణమే భూమిక. మతభేదమును దాటి అదబు అను నడవడి ఒక ఉమ్మడి సొమ్ముగా నుండిన కాలమది.

4. దండనము, దయ

ఇంతవరకు చెప్పినది ఆదర్శము. ఆచరణమున మక్తబు బెత్తమునకు ప్రసిద్ధి చెందినదను మాటను కప్పిపుచ్చుట చరిత్రకారునకు తగదు. మన వీథిబడిలో కోదండము, గోడకుర్చీ, గుంజిళ్లు ఎట్లో, మక్తబున బెత్తము అట్లు. పిల్లవానిని అప్పగించునపుడు మాంసము నీది, ఎముకలు మావి యని తండ్రి గురువుతో పలుకుట ఉభయసంప్రదాయములందును వినబడు మాటయే.

కాని ఈ క్రౌర్యము శాస్త్రసమ్మతమా యని విచారించినచో సమాధానము వేరుగా నుండును. పదునొకండవ శతాబ్దమున ఇబ్ను మిస్కవైహు రచించిన నీతిశాస్త్రమును, దాని ననుసరించి నసీరుద్దీను తూసీ 1235 ప్రాంతమున పారశీకమున కూర్చిన అఖ్లాఖె నాసిరీయు బాలశిక్షణమును విపులముగా చర్చించినవి. 1111లో మరణించిన ఇమాము గజాలీ తన ధర్మవిద్యాపునరుజ్జీవన గ్రంథమున, బాలుని తొలితప్పును చూచియు చూడనట్లు విడువవలె ననియు, ఊరక నిందించుచుండినచో నిందకే అలవాటుపడి అతని మనస్సు మొద్దుబారు ననియు, పాఠము పిదప ఆటకు వదలనిచో హృదయము చచ్చు ననియు హెచ్చరించెను. 1377లో చరిత్రోపోద్ఘాతమును రచించిన ఇబ్ను ఖల్దూను ఒక అధ్యాయమునంతయు ఈ విషయమునకే కేటాయించెను. కాఠిన్యముతో పెరిగిన బాలుడు మందుడగుననియు, దెబ్బకు వెరచి అసత్యమును కపటమును అభ్యసించుననియు, క్రమముగా అదియే అతని స్వభావమగుననియు అతని వాదము. అతడు అంతటితో ఆగక, పరపీడనమున నున్న జాతులకు సైతము ఇట్టి స్వభావమే అలవడునని ఆ సూత్రమును సమాజమునకు అన్వయించెను.

దీనినిబట్టి బెత్తము సంప్రదాయముయొక్క సారము కాదనియు, పేదరికమువలనను, శిక్షణ లేని బోధకులవలనను, ఒక్కగదిలో నానావయస్కులను కూర్చుండబెట్టు నిర్బంధమువలనను ప్రబలిన వికారమనియు చెప్పవచ్చును. ఇందు మనకు పాఠమున్నది. ఒక సంప్రదాయము యొక్క గ్రంథములను మాత్రము చదివినచో దానిని స్తుతింతుము. బడిని మాత్రము చూచినచో దానిని నిందింతుము. రెంటిని ఎదురెదురుగా నుంచినపుడే తీర్పు సరియగును.

5. దక్కను సంప్రదాయము

దక్కనులో ఉన్నతవిద్యాలయములకు దీర్ఘమైన చరిత్ర కలదు. బహమనీ మంత్రి మహమూదు గవాను 1472లో బీదరున నిర్మించిన మదరసా నేటికిని శిథిలగంభీరముగా నిలిచియున్నది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున మొదటి సాలారుజంగు హైదరాబాదులో దారుల్ ఉలూమును నెలకొల్పెను. 1876లో మౌలానా అన్వరుల్లా ఫారూఖీ జామియా నిజామియాను స్థాపించెను. ఈయన ఆరవ, ఏడవ నిజాములకు గురువు. కౌమారదశలోని రాజకుమారుని తీర్చిదిద్దిన చేయియే సామాన్యబాలురకై విద్యాలయమును నెలకొల్పుట గమనింపదగినది.

అయినను దక్కనున భావసంస్కారమునకు మదరసాకంటె ఖాన్‌కాహు పెద్దపీఠ మనవలెను. గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసను తానాషా రాజ్యమునకు వచ్చుటకు పూర్వము షా రాజూ ఖత్తాలు హుసేనీ యను సూఫీ గురువు నాశ్రయించి అనేక సంవత్సరములు గడపెను. అక్కన్న మాదన్నలను నమ్మి రాజ్యభారమును అప్పగించిన ఆ ప్రభువు చిత్తమునందలి ఔదార్యమునకు ఆ గురుకులవాసము కొంత కారణమని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

బాలికల విషయమున ఆకరములు వేరు. పదునేడవ శతాబ్దిలో బిజాపురపు సూఫీల పరంపరలో దక్కనీభాషయందు చక్కీనామా, చర్ఖానామా యను గేయజాతులు వెలసినవి. తిరుగలి విసరునపుడును, రాట్నము వడకునపుడును స్త్రీలు పాడుకొనుటకు కూర్పబడిన ఈ పాటలను రిచర్డు ఈటను 1970ల దశకమున పరిశోధించి, దక్కను గ్రామములందు ఇస్లామీయభావములు ఇల్లిల్లు చేరుటకు ఇవి ముఖ్యమార్గమైనవని నిరూపించెను. తిరుగలిపిడి పట్టిన తల్లిప్రక్కన కూర్చున్న బాలికకు అదియే మక్తబు. మన దంపుళ్ళపాటలను, తత్త్వములను ఎరిగిన తెలుగు పరిశోధకునకు ఈ విషయము వింతగా తోచదు. కాని పాటలో దొరికిన ఓదార్పు బడిలో దొరకవలసిన చదువునకు ప్రత్యామ్నాయము కాజాలదు. పర్దా కారణమున యుక్తవయస్సు రాగానే బాలిక చదువు ఆగిపోవుట సాధారణము. ఆమె బులూఘు ఆమెకు విధులనే తెచ్చినది గాని అవకాశములను తేలేదు. 1907లో మహబూబియా బాలికల పాఠశాల, 1934లో సుగ్రా హుమాయూను మీర్జాగారు స్థాపించిన సఫ్దరియా బాలికల పాఠశాల ఈ లోటును తీర్చుటకు జరిగిన ప్రయత్నములలో స్మరింపదగినవి.

6. నవలలో కనబడు తండ్రికొడుకులు

కౌమారమును గూర్చిన ఇస్లామీయచింతనమునకు పందొమ్మిదవ శతాబ్దిలో లభించిన కొత్తరూపము ఉర్దూ నవల. డిప్యూటీ నజీరు అహమ్మదు 1877 నుండి కొన్ని సంవత్సరములు హైదరాబాదు రాజ్యమున ఉన్నతోద్యోగము చేసెను. అతడు 1869లో ప్రకటించిన మిరాతుల్ ఉరూసు ఇద్దరు సోదరీమణుల నడవడిని పోల్చి చూపు కథ. పిదప వచ్చిన తౌబతున్నసూహు మన విషయమునకు మరింత దగ్గరిది. కలరా వ్యాధినుండి బ్రతికి బయటపడిన నసూహు అను గృహస్థు దైవచింతన గలవాడై తన కుటుంబమును సంస్కరింప బూనును. చిన్నపిల్లలు అతనిమాట విందురు. కవిత్వవ్యసనము గల పెద్దకొడుకు కలీము వినడు. తండ్రి అతని పుస్తకములను తగులబెట్టును. కొడుకు ఇల్లు విడచి నానాకష్టములు పడి తుదకు మరణించును.

రచయిత యుద్దేశమున ఇది మతబోధ. కాని చదువరికి అందులో మరియొక యర్థము తోచును. తర్బియతు ఏడవయేట మొదలుకావలసి యుండగా యౌవనమున హఠాత్తుగా మోపబడినచో అది పెంపకము కాదు, దాడి యగును. పుస్తకములను కాల్చిన తండ్రి దోషము లేనివాడని రచయిత తలచినను కథ తలపనీయదు. ఇబ్ను ఖల్దూను చెప్పిన కాఠిన్యదోషమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

7. అంగడి యను పాఠశాల

ఇక మోండా మార్కెట్టునకు వత్తము. ఇస్లామునందు అంగడి ధర్మమునకు వెలియైన స్థలము కాదు. తూకమున మోసగించువారిని హెచ్చరించుటతోనే ప్రారంభమగు సూరా ఖురానున గలదు. గజాలీ తన గ్రంథమున సంపాదనమర్యాదలకు ఒక ప్రత్యేకభాగమును కేటాయించెను. కావున పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున తండ్రివెంట అంగడికెక్కిన బాలుడు త్రాసు పట్టుటయందే నీతిపాఠమును చదివినవాడగును. గిరాకి విసుగుకొన్నను తాను విసుగుకొనకుండుట, బాకీ అడుగునపుడు ఎదుటివాని పరువు పోకుండ అడుగుట, పొరుగు అంగడివాడు భోజనమునకు పోయినపుడు అతని సరకును కాచుట: ఇవన్నియు భావసంస్కారములే. బోనాలనాడు ఆ వీథులలో బోనమెత్తిన స్త్రీకి త్రోవయిచ్చుట, ముహర్రమునాడు పీరుకు త్రోవయిచ్చుట అను అలవాటును ఏ పాఠ్యగ్రంథమును నేర్పదు. దానిని వీథియే నేర్పవలెను.

ఈ విద్యకు భాషయే సాక్షి. హమాలి, దుకాణము, దలాలి, కిరాయి, జమ, ఖర్చు, వసూలు, బాకీ, రసీదు, జామీను అను వ్యాపారపదములు అరబ్బీ పారశీకములనుండి తెలుగునకు వచ్చినవని అందరెరిగినదే. అంతకంటె ముఖ్యముగా చూడదగినవి తెలంగాణపు తెలుగులోని భావవాచకములు: ఫికరు, పరేషాను, ఖుషీ, షోకు, నారాజు, జిద్దు, ఇజ్జతు, షరము, రహము, గుస్సా. సరకు పేరు పరభాషనుండి వచ్చుట వర్తకమునకు చిహ్నము. మనస్సులోని స్థితి పేరు పరభాషనుండి వచ్చుట సహజీవనమునకు చిహ్నము.

ఈ పదముల యర్థచరిత్ర మనోహరమైనది. ఫిక్రు అనగా అరబ్బీలో ఆలోచన. మన నోట అది దిగులైనది. పరేషాను అనగా పారశీకమున చెదరినది. మనస్సు చెదరుటయే మన పరేషాను. జిద్దు మూలమున వైరుధ్యము. ఇచ్చట అది బాలుని మొండిపట్టు. గుస్సా అను దానికి మూలార్థము గొంతున అడ్డుపడు ముద్ద. పారశీకమున అది దుఃఖమై, ఉర్దూలో కోపమైనది. కోపమునకు వెనుక మ్రింగలేని దుఃఖమొకటి యుండునను మనశ్శాస్త్రసత్యమును ఈ యొక్క పదము తన చరిత్రయందు దాచుకొన్నది. ఉపాధ్యాయుడు దీనిని ఎరిగినచో కోపించిన విద్యార్థిని చూచు చూపే మారును. ఓర్పునకు సంబంధించిన సబరు అను అరబ్బీ పదము సబూరియై షిరిడీ భక్తిద్వారమున ఆంధ్రదేశపు మారుమూలలకు సైతము చేరినది.

అయితే అంగడిని అతిగా కీర్తింపరాదు. త్రాసు పట్టిన బాలునకు అది పాఠశాల. మూట మోసిన బాలునకు అది చెర. తండ్రి యంగడిలో కూర్చున్న వానికి లభించిన ఓర్పు, పరాయియంగడిలో కూలికి కుదిరినవానికి భయముగా మారుట కలదు. 1986 నాటి బాలకార్మిక నిషేధచట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్ల లోపువారిని పనిలో నియమించుటను సర్వత్ర నిషేధించి, కుటుంబవృత్తులలో బడివేళలకు వెలుపల సాయపడుటకు మినహాయింపు నిచ్చిరి. పదునాలుగునుండి పదునెనిమిదేండ్ల వారిని కౌమారులుగా ప్రత్యేకముగా పేర్కొని అపాయకరమైన పనులనుండి తప్పించిరి. శరీరబలము వచ్చినంతమాత్రమున బాలుడు పెద్దవాడు కాడను బులూఘు రుష్దుల భేదమే ఇచ్చట మరల చట్టరూపమున కనబడుచున్నది.

8. ఉస్మానియా ప్రయోగము, పిదపటి మార్పు

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమై, 1919లో ఉర్దూ మాధ్యమమున బోధన ప్రారంభమైనది. అందు ముస్లిము విద్యార్థులకు దీనియాతు అను ధర్మబోధయు, ముస్లిమేతరులకు అఖ్లాఖియాతు అను నీతిబోధయు నియతపాఠ్యములుగా నుండెను. ఆధునికవిద్యలో నీతికి స్థానము కల్పించుట గొప్ప యాలోచనయే. కాని ఇందు రెండు లోపములు గలవు. ఒకటి: గురువు సన్నిధిలో నేర్వదగినది ప్రశ్నపత్రమున జవాబు వ్రాయదగినదిగా మారినది. ఓర్పును గూర్చి నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్నవాడు ఓర్పుగలవాడు కానక్కరలేదు. రెండు: గులిస్తానును ఒకే చాపపై చదివినవారు దీనియాతు, అఖ్లాఖియాతు అను రెండు గదులలోనికి విభజింపబడిరి. తాలీము తర్బియతులు వేరుపడిన సంధిస్థాన మిదియని నా యభిప్రాయము.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతసమాఖ్యలో విలీనమైనపిదప ఉర్దూ మాధ్యమము తొలగినది. 1956లో భాషాప్రయుక్తరాష్ట్రము ఏర్పడెను. ఇంటిభాషకును బడిభాషకును ఎడము పెరిగిన ముస్లిము బాలునకు మక్తబు ఒక్కటియే తన భాషలో తన మనస్సు విప్పుకొనదగిన చోటుగా మిగిలినది. కాని అచ్చట లభించు కాలము దినమునకు గంట, రెండు గంటలు మాత్రమే. పల్లెలయందలి దూదేకులవంటి తెలుగు ముస్లిములకు ఈ కష్టము మరియొక తీరున నుండెను. వారి యింటిభాష తెలుగు. ధర్మభాష తమకు తెలియని అరబ్బీ. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించుటయు, పిఠాపురపు సూఫీపీఠాధిపతి ఉమరు ఆలీషా (1885–1945) తెలుగుపద్యమున తత్త్వబోధ చేయుటయు ఈ కారణముననే విద్యాచరిత్రలో ముఖ్యఘట్టములు. భావసంస్కారము తల్లిభాషలో గాక మరియొకచోట పూర్తిగా జరుగదు.

ముస్లిము బాలురందరును మదరసాలలో చదువుచున్నారను భ్రమ లోకమున గలదు. బడియీడు పిల్లలలో పూర్తికాలపు మదరసాలకు పోవువారు నూటికి ముగ్గురు, నలుగురు మాత్రమేయని 2006 నాటి సచ్చారు సంఘనివేదిక తేల్చినది. మిగిలినవారు ఇతరులవలె బడికి పోవుచు, వీలైనచో మక్తబులో ధర్మవిద్య నేర్చుచున్నారు. తెలంగాణ రాష్ట్రమున 2016 నుండి అల్పసంఖ్యాకుల గురుకుల పాఠశాలలు ప్రారంభమై ప్రస్తుతము రెండువందలకు మించినవి. గురుకులమున బాలుడు ఇరువదినాలుగు గంటలును ఉపాధ్యాయుల చెంత నుండును. తాలీముతోపాటు తర్బియతు బాధ్యతయు వారిదే యగుచున్నది. కావున మన విచారణము గతమునకు మాత్రమే సంబంధించినది కాదు.

9. ఉపసంహారము

పైవిచారణమువలన తేలిన యంశములు మూడు. ఇస్లామీయ విద్యాసంప్రదాయమున కౌమారమును గూర్చి, ముఖ్యముగా శరీరపరిపక్వతకును వివేకపరిపక్వతకును నడుమనుండు కాలమును గూర్చి, నిశితమైన యాలోచన కలదు. ఆ యాలోచన మన ప్రాంతమున మదరసాగోడల నడుమనే గాక ఖాన్‌కాహులో, తిరుగలిచెంత, అంగడిలో, తుదకు మన మాటలలోని పదములలో నిలిచినది. ఆధునికకాలమున దానిని పరీక్షాపాఠ్యముగా మార్చుటచేతను, మాతృభాషనుండి వేరుచేయుటచేతను అది బలహీనపడినది.

ఈ చరిత్రమును పరిశోధింపదలచిన విద్యార్థులకు ఒక సూచన. పాఠశాలల రికార్డులతోపాటు పదములను కూడ ఆకరములుగా గ్రహింపుడు. లష్కరు వీథులలో తరతరములుగా వ్యాపారము చేయుచున్న కుటుంబముల వృద్ధులు ఇంకను కొందరు మన మధ్య నున్నారు. వారు బాల్యమున ఏ పద్యమును వల్లించిరో, ఏ తప్పునకు ఏ మాట పడిరో, కోపము వచ్చినపుడు పెద్దలు తమతో ఏమనిరో అడిగి వ్రాసికొనవలెను. ఉర్దూ తెలిసిన తెలుగు పరిశోధకుడే ఈ పనికి అర్హుడు; అట్టివారి సంఖ్య నానాటికి తగ్గుచున్నది. ఈ పనిని మరియొక తరమునకు వాయిదా వేయుటకు వీలులేదు.